సోషల్ వర్క్ కాలేజీలో డైవర్సిటీ కార్యక్రమాలు: ప్రసంగం, ఫొటో దాటి ఏం చేయొచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) మొదటి ఏడాదిలో ఉన్నారు. మీ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌లో డైవర్సిటీ కమిటీకి, అంటే రకరకాల నేపథ్యాలవాళ్లకు చోటిచ్చే పనులు చూసే కమిటీకి, విద్యార్థి ప్రతినిధిగా తీసుకున్నారు. ఏడాది పొడవునా కార్యక్రమాలు నడపాలి, కానీ వచ్చేది ఎప్పుడూ ఆ కొద్దిమందే. ప్రసంగం, ఫొటో, చప్పట్లతో అయిపోకుండా ఏం చేస్తే పనికొస్తుందని అడిగారు.

చదువుకునే రోజుల్లో నేనూ ఇలాంటి కమిటీలో పనిచేశాను. తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం చేస్తూ ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్‌గా, అంటే అక్కడికి పని నేర్చుకోవడానికొచ్చే విద్యార్థుల్ని చూసుకునే మనిషిగా, ఉన్నాను. అంటే ఆహ్వానాలు పంపే వైపూ, అందుకునే వైపూ రెండూ చూశాను. అందుకునే వైపు ఉన్నప్పుడే ఎక్కువ తెలిసింది. అక్కణ్నుంచి చూసి చెప్తున్నాను: ఎవరి గురించి కార్యక్రమమో వాళ్లను వేదిక మీదికి పిలవడం తర్వాతి మాట. ముందు, అసలు ఏం చేయాలో తేల్చే సమావేశానికి పిలవండి.

మామూలుగా ఏం జరుగుతుందంటే, కమిటీ కూర్చుని అంశం, తేదీ, పేరు, పోస్టర్ అన్నీ ఖరారు చేస్తుంది. ఇంకో వారం ఉందనగా "మీ తరఫున ఒకరు వచ్చి పది నిమిషాలు మాట్లాడగలరా?" అని సంస్థకు మెయిల్ వస్తుంది. మాకు అలాంటివి చాలా వచ్చేవి. అడిగేవాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ అప్పటికి వచ్చేవాళ్ల చేతిలో మార్చడానికి ఏమీ ఉండదు. 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ రచయిత్రి, నిర్ణయాల్లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించారు. సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగింపుగా ఒకటి రెండు సీట్లు ఇవ్వడం, ఈ మూడింటినీ ఆవిడ నామమాత్రపు భాగస్వామ్యం కిందే లెక్కగట్టారు. అధికారం పంచుకోవడమన్నది ఆ పై మెట్టు నుంచే మొదలు. కమ్యూనిటీ ఆర్గనైజేషన్ పేపర్లో దీన్ని పరీక్ష కోసం చదివేస్తాం. మీ కమిటీ కిందటేడు చేసినవన్నీ తీసి, ఏది ఏ మెట్టు మీద ఉందో ఒకసారి రాసి చూడండి. మొదటి సమావేశానికి ఇంతకంటే మంచి పని లేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది బధిరుల సంఘంతో కలిసి చేసిన కార్యక్రమం. అంశం ఏదీ అనుకోకుండానే వాళ్ల దగ్గరికి వెళ్లి, మా విద్యార్థులకు ఏం తెలియాలనుకుంటున్నారని అడిగాం. "మా కష్టాలు చెప్పించుకోవడానికైతే రాం. రేపు మీ పిల్లలు ఆసుపత్రుల్లో, కోర్టుల్లో మాలాంటివాళ్లను ఇంటర్వ్యూ చేస్తారు. అది ఎలా చేయాలో నేర్పమంటే వస్తాం" అన్నారు. అలా ప్రసంగానికి బదులు వర్క్‌షాప్ పెట్టాం. విద్యార్థుల చేత ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయించి, వాళ్లే పక్కన నిలబడి సరిదిద్దారు. వాళ్లు చెప్పినవి ఇవీ: సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ (సైగల భాషను తర్జుమా చేసేవాళ్లు) వైపు చూడకండి, నా వైపు చూసి మాట్లాడండి. "ఆమెను అడగండి" అని ఇంటర్‌ప్రెటర్‌తో అనొద్దు, నన్నే అడగండి. ఇంటర్‌ప్రెటర్‌ను మీ పక్కన కూర్చోబెట్టుకుంటే మీ ఇద్దరి ముఖాలూ నాకు ఒకేసారి కనబడతాయి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మీ ముఖం చీకట్లో పడుతుంది. అన్నిటికంటే గట్టిగా చెప్పింది, ఇంట్లో పిల్లల చేత తర్జుమా చేయించొద్దని. తల్లి మీద జరిగిన హింస గురించి ఆ తల్లి మాటల్ని బిడ్డ నోటితో చెప్పించడం ఎంత ఘోరమో అప్పటిదాకా గదిలో చాలామంది ఆలోచించలేదు.

ఆ తర్వాత మా స్కూల్ ఫీల్డ్‌వర్క్ మాన్యువల్‌లో ఇంటర్‌ప్రెటర్‌తో పనిచేయడం గురించి ఒక పేజీ చేరింది. దాన్ని రాసింది ఆ సంఘం వాళ్లే. హాజరు పట్టికలో ఎన్ని సంతకాలున్నాయని నన్నెవరైనా అడిగితే ఆ పేజీ చూపిస్తాను. ప్రతి కార్యక్రమానికీ ముందే ఈ ప్రశ్న వేసుకోండి: ఇది అయ్యాక స్కూల్లో ఏ కాగితం, ఏ నియమం, ఏ పాఠం మారాలి?

ఇక జాగ్రత్త పడాల్సిన పెద్ద విషయం, గాయాల్ని ప్రదర్శనకు పెట్టడం. అనాథాశ్రమంలోనో ఫాస్టర్ కుటుంబంలోనో (సొంత ఇల్లు లేని పిల్లల్ని కొంతకాలం పెంచే కుటుంబం) పెరిగిన యువకులనో, హింస నుంచి బయటపడ్డవాళ్లనో పిలిచి, జీవితంలో అత్యంత చెడ్డ రోజును చెప్పమంటారు. వినేవాళ్లు కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోతారు. చెప్పినవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. కేస్ వర్క్‌లో, అంటే ఒక్కో మనిషితో విడిగా చేసే పనిలో, గోప్యత, సమ్మతి గురించి అంత పట్టుబట్టే మనం మైకు ముందుకొచ్చేసరికి వాటిని వదిలేయకూడదు. ఏ ప్రశ్నలు అడగొచ్చో, ఏవి కూడదో వక్తతో ముందే మాట్లాడుకోండి. మధ్యలో ఆపేసినా ఫర్వాలేదని నిజంగా చెప్పండి. ఫొటో, వీడియో వాళ్ల అనుమతితోనే. మర్నాడు ఒకరు ఫోన్ చేసి పలకరించాలి. వాళ్లు ఏం దాటొచ్చారన్నదానికంటే వ్యవస్థలో ఏం మారాలంటారన్నది అడిగితే చర్చ నిలబడుతుందని నా అనుభవం. డెన్మార్క్‌లో 2000లో రోస్కిల్డే ఉత్సవంలో మొదలైన హ్యూమన్ లైబ్రరీ పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. ఒక మనిషి "పుస్తకం"గా కూర్చుంటారు, ఒకరిద్దరు "పాఠకులు" ఎదురుగా కూర్చుని అడుగుతారు. వందమంది ముందు తల తిప్పుకునే ప్రశ్నకు ఇద్దరి ముందు జవాబు వస్తుంది. చెప్పనని అనే హక్కు కూడా ఆ పుస్తకానికి ఉంటుంది.

ఈ ఆలోచనలు కొత్తవేమీ కావు. మన వృత్తి పుట్టిన చోటే ఉన్నాయి. సోషల్ వర్క్‌కు తొలి దారి వేసినవాళ్లలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో షికాగోలో, పేదల వాడలోనే ఉంటూ వాళ్లకు తోడ్పడే హల్ హౌస్ అనే కేంద్రం మొదలుపెట్టారు. చుట్టూ వలస కుటుంబాలు. పిల్లలు కొత్త దేశపు పద్ధతులు నేర్చి, తల్లిదండ్రుల్ని ఏమీ తెలియనివాళ్లలా చూడడం ఆడమ్స్ గమనించారు. 1900లో అక్కడ లేబర్ మ్యూజియం పెట్టారు. అందులో వలస వచ్చిన ఆడవాళ్లే నూలు వడికి, బట్ట నేసి చూపించేవారు. తల్లి చేతి పనిని నలుగురూ నిలబడి చూస్తుంటే బిడ్డకు ఆ తల్లి కొత్తగా కనిపించింది. అక్కడ ఆ తల్లి నేర్పే మనిషి. నా లెక్కలో మంచి కార్యక్రమానికి ఇదే గుర్తు.

అలా చోటివ్వకపోతే ఏమవుతుందో కూడా మన చరిత్రలోనే ఉంది. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాతీయ సాంఘిక సంక్షేమ సదస్సు జరుగుతుండగా నల్లజాతి సోషల్ వర్కర్లు బయటికి నడిచి సొంత సంఘం, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ బ్లాక్ సోషల్ వర్కర్స్, పెట్టుకున్నారు. కాబట్టి మీ స్కూల్లో ఎవరైనా "మీ కార్యక్రమానికి రాం" అంటే నొచ్చుకోకండి. ఎందుకు రారో కూర్చుని వినండి. వినడానికి పెట్టిన ఆ సమావేశమే మీ ఏడాదిలో అసలైనది కావచ్చు.

వచ్చేవాళ్లు తక్కువన్నారు. ముందు సమయం చూడండి. సాయంత్రం ఉద్యోగాలున్నవాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు, ఫీల్డ్‌వర్క్ నుంచి అలిసిపోయి వచ్చేవాళ్లు ఆరున్నరకి రాలేరు. ఫీల్డ్‌వర్క్ సెమినార్ గంటలోనే పెట్టించుకోండి, హాజరు సమస్య చాలావరకు తీరుతుంది. ర్యాంపు, మైకు, క్యాప్షన్లు, దగ్గర్లో టాయిలెట్ ఉన్నాయో లేదో మీరే నడిచి చూసుకోండి. ఇంటర్‌ప్రెటర్లు గంటకు మించిన కార్యక్రమానికి ఇద్దరు కావాలి, చేతులూ బుర్రా అలిసిపోతాయి గనక వంతులవారీగా చేస్తారు. బయటి నుంచి వచ్చే వక్తకు, ప్రొఫెసర్‌కు ఇచ్చినట్టే పారితోషికం ఇవ్వాలి. "అనుభవం పంచుకోవడానికే కదా" అని ఉచితంగా రమ్మనడం నాకు అస్సలు నచ్చదు.

చర్చలో ఎవరైనా నొప్పించే మాట అంటే? గది నిశ్శబ్దమైపోయి, అందరూ ఆ మాట తగిలిన విద్యార్థి ముఖం వైపే చూస్తారు. జవాబు చెప్పే భారం ఆ విద్యార్థి మీద వేయకండి. నడిపించడానికి ఇద్దరుండాలి. ఒకరు చర్చను పట్టుకోవాలి, ఇంకొకరు మనుషుల్ని చూసుకోవాలి. అది గ్రూప్ వర్క్ నైపుణ్యమే, క్లాసులో నేర్చుకున్నదాన్ని చేతల్లో పెట్టే అవకాశం.

డబ్బుకో, సమయానికో డీన్ గారిని ఒప్పించాల్సి వస్తే, ఇది చదువులో భాగమని చెప్పండి. 2014లో మెల్‌బోర్న్‌లో అంతర్జాతీయ సంఘాలు ఆమోదించిన సోషల్ వర్క్ నిర్వచనంలో సామాజిక న్యాయం, మానవ హక్కులు, సమష్టి బాధ్యతల పక్కనే వైవిధ్యాలను గౌరవించడం కూడా మూల సూత్రంగా ఉంది. అక్రెడిటేషన్ (కాలేజీ ప్రమాణాలకు గుర్తింపు) నివేదికల్లో ఇలాంటి పని చూపించుకోవాల్సిన అవసరం స్కూలుకూ ఉంటుంది.

ఏడాదికి చాలా పెట్టుకోవద్దు. రెండు చాలు, రెంటికీ నెలల ముందు నుంచి ఒకే బృందంతో కూర్చోండి. ప్రపంచ సోషల్ వర్క్ దినోత్సవం మార్చిలో మూడో మంగళవారం వస్తుంది, ఒకటి దాని చుట్టూ పెట్టుకుంటే స్కూలు సహకారం తేలిగ్గా దొరుకుతుంది. మొదటి అడుగుగా మీ ఫీల్డ్‌వర్క్ కోఆర్డినేటర్‌ను కలిసి, విద్యార్థుల్ని పంపే సంస్థల జాబితా తీసుకోండి. అందులో ఆయా సమూహాల మనుషులే నడిపే సంస్థలు ఏవో అడగండి. పోస్టర్ గానీ తేదీ గానీ లేకుండా, నోట్‌బుక్ పట్టుకుని వాటిలో ఒకదానికి వెళ్లండి.