ముందు అటక ఖాళీ చేయండి: ఇల్లు మారడంపై మీ ప్రశ్నలు

ప్రశ్న: ఇంకో నెలలో ఇల్లు మారాలి. ఇద్దరం ఉద్యోగస్తులం, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. పోయినసారి అంతా చివరి రెండు రోజుల్లో సర్ది నానా అవస్థ పడ్డాం. ఈసారి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు: అటక మీద నుంచి. చాలామంది కళ్లెదురుగా ఉన్నవాటితో మొదలుపెడతారు. అవి రోజూ వాడేవే కాబట్టి సాయంత్రానికి మళ్లీ పెట్టె విప్పాల్సి వస్తుంది. అటక మీదా, మంచం కింద అరల్లోనూ ఉన్నవి నెలల తరబడి ఎవరూ ముట్టుకోనివి. వాటిని ముందే సర్దేసినా ఇంట్లో ఏ పనీ ఆగదు.

ఇంకో సంగతి. ఇల్లు మారేటప్పుడు మనిషిని మోత కన్నా ఎక్కువ అలసగొట్టేది ‘ఇది ఉంచుకోవాలా, ఇచ్చేయాలా’ అన్న తర్జనభర్జన. అది ఎక్కువగా అటక దగ్గరే వస్తుంది. చివరి రాత్రికి వాయిదా వేస్తే తేల్చుకునే ఓపిక ఉండదు. పనికిరానిదాన్ని కూడా పెట్టెలో కుక్కి కొత్తింటికి మోసుకెళ్తారు.

మొదటి వారం అటక, స్టోర్‌రూమ్. రెండో వారం పుస్తకాలు, ఈ కాలంలో తొడుక్కోని బట్టలు, గోడలకున్న పటాలు. మూడో వారం వంటింట్లో అరుదుగా వాడేవి. వంటింటికి మీరు అనుకున్నదానికి రెట్టింపు సమయం ఉంచుకోండి. చిన్నవి, పగిలేవి, కారేవి అన్నీ అక్కడే ఉంటాయి. చివరి వారానికి మనిషికి నాలుగైదు జతల బట్టలు, రెండు మూడు గిన్నెలు, పక్కలు మిగిలితే చాలు. ఆఫీసు నుంచి వచ్చాక రోజుకు గంట చాలు. అంతకు మించి కూర్చుంటే మర్నాడు ఆ వైపు చూడబుద్ధి కాదు.

ప్రశ్న: పెట్టెల మీద పేర్లు రాసినా, దింపాక ఏది ఎక్కడుందో తెలియలేదు. తప్పెక్కడ జరిగింది?

జవాబు: బహుశా పైమూత మీద రాసి ఉంటారు. పెట్టె మీద పెట్టె ఎక్కగానే ఆ రాత కనిపించదు. పెట్టెకు పక్కపక్కనున్న రెండు వైపులా రాయండి. పాత ఇంట్లో ఏ గదిలో ఉండేదో కాదు, కొత్తింట్లో ఏ గదిలోకి వెళ్లాలో రాయాలి. దాంతోపాటు ఒక నంబరు వేసి, లోపలేం ఉన్నాయో నోటుబుక్కులో రాసుకోండి: ‘14: పిల్లల గది. స్కూలు బూట్లు, రంగు పెన్సిళ్లు, వానకోట్లు.’ దింపాక నంబర్లు సరిచూస్తే వ్యానులో ఏ పెట్టె మిగిలిపోయిందో అప్పుడే తెలుస్తుంది. ‘ఇతరాలు’ అని మాత్రం ఏ పెట్టె మీదా రాయకండి. అది నెలలు గడిచినా విప్పకుండా ఉండిపోతుంది. నగలు, పత్రాలు, రోజూ వేసుకునే మందులు వ్యానులో ఎక్కించవద్దు, మీ చేతిసంచిలోనే ఉండాలి.

ప్రశ్న: పింగాణీ ప్లేట్లు ఎంత చుట్టినా పగులుతున్నాయి. పుస్తకాల పెట్టె ఎత్తగానే అడుగు ఊడింది.

జవాబు: ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంటారు. బండి ఎగిరినప్పుడల్లా పై బరువంతా అడుగు ప్లేటు మధ్యలో పడుతుంది. పుస్తకాల అరలో పుస్తకాల్లా అంచు మీద నిలబెట్టండి. పెట్టె అడుగున రెండంగుళాల మందాన నలిపిన కాగితం వేసి, ఒక్కో ప్లేటునూ విడిగా చుట్టి, పక్కపక్కన బిగువుగా నిలపండి. పైన మళ్లీ కాగితం వేయండి. మూత పెట్టాక పెట్టెను మెల్లగా ఊపి చూడండి. లోపల గలగలమంటే ఇంకా ఖాళీ ఉన్నట్టే, విప్పి నింపాలి. తెల్లటి పింగాణీకి న్యూస్‌పేపర్ నేరుగా తగిలితే సిరా అంటుతుంది, లోపలి వరసకు తెల్ల కాగితం వాడండి.

పుస్తకాలకు చిన్న పెట్టెలే తీసుకోండి. ఒక మనిషి సులువుగా ఎత్తగలిగేది 15 కిలోలు, అక్కడితో ఆపండి. పెద్ద పెట్టెలు దుప్పట్లకు, దిండ్లకు. అడుగున మధ్య అతుకు మీద రెండు వరసల టేపు, రెండు చివరల అంచుల వెంబడి ఒక్కో వరస వేస్తే అడుగు ఊడదు.

ప్రశ్న: ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ విషయంలో ఏం చూసుకోవాలి?

జవాబు: ఫ్రిజ్‌ను బయల్దేరడానికి ఒక రోజు ముందే ఖాళీ చేసి ఆపేయండి. మంచు కరగనిచ్చి, వెనకాల నీళ్ల ట్రే ఉంటే అది కూడా పారబోసి తుడవండి. గాజు అరలు తీసి విడిగా చుట్టండి. ఎప్పుడూ నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పాకుతుంది. ఆ స్థితిలో స్విచ్ వేస్తే నూనె లేకుండా తిరిగి కంప్రెసర్ దెబ్బతినొచ్చు. తప్పనిసరై పడుకోబెడితే, దించాక ఒక రోజంతా నిలబెట్టి ఉంచి ఆ తర్వాతే ఆన్ చేయండి.

ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌కు కొన్నప్పుడు వెనక పొడవాటి బోల్టులు ఉంటాయి, మామూలుగా మూడో నాలుగో. డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతుంది కాబట్టి, దారిలో అది ఊగి కొట్టుకోకుండా పట్టి ఉంచేవి అవే. వాటిని మళ్లీ బిగించాకే కదిలించండి. పోగొట్టుకుంటే మోడల్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్‌లో అడగండి. చేరాక తీయడం మర్చిపోయి ఆన్ చేశారా, మెషీన్ గదంతా గెంతుతుంది. పైపులో, కింది ఫిల్టరులో నిలిచిన నీళ్లు కూడా ముందే బకెట్‌లోకి వంపేయండి.

ప్రశ్న: కొత్త గదిలో బీరువా పడుతుందో లేదో కొలిచే చూసుకున్నాం. ఇంకేమైనా ఉందా?

జవాబు: ఉంది. పడుకోబెట్టి తెచ్చిన బీరువాను నిలబెట్టేటప్పుడు దాని మూల, బీరువా అసలు ఎత్తు కన్నా పైకి లేస్తుంది. 7 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు ఉన్న బీరువాకు దాదాపు 7 అడుగుల మూడున్నర అంగుళాలు కావాలి. పైన అటక ఉన్న చోట ఇది తప్పక చూసుకోండి. అలాగే తలుపు వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోపలి కొలత.

ప్రశ్న: చేరిన రాత్రి ఏదీ దొరకదు. ఏం చేయాలి?

జవాబు: ఒక పెట్టెను చివర ఎక్కించి ముందు దింపండి. అందులో దుప్పట్లు, తువ్వాళ్లు, సబ్బు, బ్రష్‌లు, ఛార్జర్లు, ఒక బల్బు, కత్తెర, స్క్రూడ్రైవర్, మగ్గు ఉండాలి. మంచాలు విప్పినప్పుడు వచ్చిన మరలు, నట్లు కవర్లో వేసి, ఏ మంచానివో రాసి, ఆ కవర్లన్నీ కూడా ఈ పెట్టెలోనే పెట్టండి. ఆ రాత్రి ముందుగా బిగించాల్సింది మంచాలే.