జిల్లా కోసం ప్రార్థన చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

"ప్రభువా, మా జిల్లాను దీవించు" అన్నాక ఇంకేం చెప్పాలో తోచక రెండు నిమిషాల్లో ఆమెన్ అయిపోతోందని, జిల్లా కోసం ఎలా ప్రార్థించాలని అడుగుతూ మీరు రాశారు. మాకూ మొదట్లో అంతే. మాది ప్రకాశం జిల్లా ఒంగోలు. మా సంఘంలో స్త్రీల కూడిక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కొన్నేళ్లుగా జిల్లా కోసం కొంత సమయం పెట్టుకుంటోంది. జిల్లా మొత్తాన్నీ ఒక్కసారే నెత్తికెత్తుకోకండి. వారానికి ఒక ఊరో ఒక సమస్యో తీసుకుని, దాని సంగతి తెలుసుకున్నాకే కళ్లు మూసుకోండి.

మేం చరిత్రతో మొదలుపెట్టాం. ఊళ్లోనే ప్రార్థన కొండ ఉంది కాబట్టి అది తేలికైంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. ఈ తెలుగు మిషన్‌ను ఉంచాలా మూసేయాలా అని అమెరికాలో తర్జనభర్జనలు పడుతున్న రోజులవి. తర్వాత పన్నెండేళ్లకు, 1866లో, జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా దగ్గర చిన్నపిల్లలు కూడా చెబుతారు. నాకైతే దానికి ముందు జరిగింది ఇంకా పెద్దది. 1876-78 నాటి ధాత కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే క్లౌ గారు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో సుమారు మూడు మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. తిండి కోసం మతంలోకి రాకూడదని ఆ కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఇది చదివాక మా ప్రార్థనలో "పని దొరకాలి" అన్న మాట ఎక్కువైంది. పడమటి మండలాల నుంచి హైదరాబాదు, బెంగళూరుకు భవనాల పనికి పోయేవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు మరి.

చరిత్ర అంటే మంచిదొక్కటే ఏరుకోవద్దు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ అది. మొదటిసారి ఆ ఊరి పేరు ఎత్తినప్పుడు "ప్రార్థనలో ఇవన్నీ ఎందుకమ్మా" అన్నవాళ్లున్నారు. ఒక పెద్దావిడ ఊరుకోలేదు. "మన సంఘంలో సంబంధాలు కులం చూడకుండా కలుపుకుంటున్నామా?" అంది. ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు ప్రార్థన ఎదుటివాళ్ల కోసం కాదు, మా కోసమే జరిగింది. కారంచేడు 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లిపోయింది కదా అనకండి. మా జిల్లాయే 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి చేసింది. ఈ గీతలు మారుతూనే ఉంటాయి.

ఇక అవసరాల సంగతి. పేపరు చూసి రాసుకోవడం కంటే ఆ ఊరి మనిషిని పిలిచి చెప్పించండి. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని, దాంతో ఎముకలు బిగుసుకుపోతాయని మాకూ తెలుసు, తెలిసే ఏళ్ల తరబడి ఒక్క వాక్యంలో ప్రార్థించి వదిలేశాం. ఒకసారి అక్కడి నుంచి ఒక అక్క వచ్చింది. అందరం మోకాళ్లు వేస్తుంటే ఆమె కుర్చీలోనే ఉండిపోయింది, మోకాళ్లు వంగవు. "తాగడానికి క్యాన్ కొనుక్కుంటాం అక్కా, వంటకు బోరు నీళ్లే. పప్పు ఎంతకీ ఉడకదు, అన్నం పచ్చబడుతుంది" అంది. తర్వాత ఆ వైపుకు కృష్ణా నీళ్లు తెచ్చేందుకు చేపట్టిన వెలిగొండ ప్రాజెక్టు గురించి చదివాం. 1996లో శంకుస్థాపన, నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. అప్పటి నుంచి ఇంజినీర్ల కోసం, సొరంగంలో పనిచేసిన కూలీల కోసం, ముంపు ఊళ్ల వాళ్లకు పరిహారం సక్రమంగా అందాలని విడివిడిగా ప్రార్థిస్తున్నాం. ఏ పార్టీ పేరూ ఎత్తకూడదని నియమం పెట్టుకున్నాం. అది లేకపోతే కూడిక కాస్తా చర్చావేదిక అయిపోతుంది.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల దుమ్ములో పనిచేసే వలస కూలీలకూ ఒక వారం ఇస్తాం. పొగాకు దగ్గరే మాలో తగువు. ఒంగోలు, టంగుటూరు వేలం కేంద్రాల్లో మంచి ధర పలకాలని ప్రార్థించవచ్చా? జనం ఊపిరితిత్తులు పాడు చేసే పంట కదా అని కొందరి మాట. చివరికి రైతు అప్పు తీరాలని మాత్రం అడుగుతాం, ధర సంగతి దేవుడికే వదిలేశాం!

ఒక జాగ్రత్త. ఫలానా ఇంట్లో తాగుడు, ఫలానా అమ్మాయి పెళ్లి చెడింది, ఇలాంటివి "ప్రార్థన అంశం" పేరుతో బయటికి రానివ్వకండి. ఊరి సమస్య చెప్పుకోవచ్చు, మనిషి పేరు మాత్రం వద్దు.

మీది ఏ జిల్లానో రాయలేదు. సముద్రం పక్కదైతే వేట నిషేధంతో మొదలుపెట్టండి. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు కదలవు. కూడికకు ముందు మీలో ఇద్దరు ముగ్గురు దగ్గర్లోని మత్స్యకారుల పల్లెకు వెళ్లి, ప్రభుత్వం ఇచ్చే భృతి చేతికందిందా, ఆ రెండు నెలలూ ఇల్లు ఎలా గడుస్తోంది, అప్పు ఎవరి దగ్గర తెస్తున్నారు అని అడిగి రండి. భృతి రానివాళ్లుంటే దరఖాస్తు రాసిపెట్టే పని కూడా అప్పుడే పెట్టుకోవచ్చు.