శూర్పణఖలో ‘ణ’ ఎందుకు?

సందేహం: మా బడి వార్షికోత్సవంలో పంచవటి ఘట్టం నాటకంగా వేయిస్తున్నాం. కరపత్రానికి ఒకరు ‘శూర్పనఖ’ అని రాశారు, ఇంకొకరు ‘శూర్పణఖి’ అన్నారు, నేను ‘శూర్పణఖ’ అని దిద్దాను. ఏది సరైనది? ‘ప్రతినాయకుడు’కి స్త్రీలింగం ఏమిటి? ఇంకో సంగతి. ఆ వేషం ఎవరు వేస్తారని అడిగితే పిల్లలంతా ఒకే అమ్మాయిని చూపించారు, నల్లగా ఉంటుందని. ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి పోయింది. తోటి టీచరు ఒకరు, “పేరులోనే ఉంది కదా, చేటల్లాంటి గోళ్ళున్న అనాకారి అని” అన్నారు. ఆ మాటకి నిజంగా అదే అర్థమా?
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీరు దిద్దిందే సరి. ‘శూర్పణఖ’ అనే అచ్చు వేయించండి. ఆ ‘ణ’ ఎందుకు వచ్చిందో చెబితే మీ తోటి టీచరు గారి మాటకీ జవాబు దొరుకుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

శూర్పం అంటే చేట. మన వైపు చాట అంటాం. నఖం అంటే గోరు. రెండూ కలిస్తే ‘శూర్పనఖ’ కావాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సమాసంలో మొదటి పదంలో ఉన్న రేఫ, అంటే ‘ర’ ధ్వని, రెండో పదంలోని ‘న’ను ‘ణ’గా మార్చడం అన్నిచోట్లా జరగదు. ఆ సమాసం ఒకరికి పేరైనప్పుడు జరుగుతుంది. ‘పూర్వపదాత్ సంజ్ఞాయామగః’ అని పాణిని సూత్రం. సంజ్ఞ అంటే పేరు. దీనికి తోడు ‘నఖముఖాత్ సంజ్ఞాయామ్’ అని ఇంకో సూత్రం ఉంది. నఖ, ముఖ అనే మాటలు చివర ఉన్న సమాసం పేరుగా నిలిస్తే స్త్రీలింగంలో ‘ఈ’ రాదు, ‘ఆ’ వస్తుంది. ఈ సూత్రం కింద, పాణిని సూత్రాలకి పాత వ్యాఖ్య అయిన కాశికావృత్తి చూపించిన ఉదాహరణల్లో మన శూర్పణఖా ఉంది. సీతా తెలుగులో సీత అయినట్టే శూర్పణఖా శూర్పణఖ అయింది.

నిజంగానే చాటంత గోళ్ళున్న ఆడమనిషిని వర్ణించాలనుకోండి, అప్పుడు ‘శూర్పనఖీ’ అనాలి. ‘న’ అలాగే ఉంటుంది, చివర ‘ఈ’ వస్తుంది. అంటే ఇది పేరు, ఒంటి వర్ణన కాదు అని వ్యాకరణమే గీత గీసి చెప్పింది. పేరు పుట్టినప్పుడు గోళ్ళు చూసే పెట్టారేమో, కాదనను. కానీ పేరుగా నిలిచాక అది ఆమెను పిలవడానికే. ‘శూర్పణఖి’ అని రాస్తే ‘ణ’ పేరు అంటుంది, చివరి ‘ఇ’ వర్ణన అంటుంది. రెండూ పొసగవు.

మీరు చిత్తూరు వాళ్ళు, కాణిపాకం పక్కనే. వినాయక చవితి రోజు ఇంటింటా చదివే పదహారు నామాల్లో ‘వక్రతుండః శూర్పకర్ణః’ అని వస్తుంది. శూర్పకర్ణుడంటే చాటల్లాంటి చెవులున్నవాడు. అదే చాట! అంతకు ముందే ‘లంబోదరశ్చ వికటః’ అని ఉంటుంది. వికటుడంటే ఆకారం వంకరగా ఉన్నవాడు. ఇక మొదటి నామమే ‘సుముఖః’. ఏనుగు తలను చూసి మంచి ముఖం అని మొక్కుతున్నాం మనం. చాట ఆయన పేరులో ఉంటే చేతులు జోడించి, ఆమె పేరులో ఉంటే నవ్వుతున్నామంటే తేడా మాటలో లేదు.

కుంభకర్ణుణ్ణి చూడండి. కుండల్లాంటి చెవులున్నవాడని ఆ పేరుకి అర్థం. చెవులు పెద్దగా ఉన్నవాణ్ణి ఎవరైనా కుంభకర్ణుడా అంటారా? ఎప్పుడూ నిద్రపోయేవాణ్ణి అంటారు. కపటం చేసేవాడు శకుని, మేనల్లుణ్ణి ఏడిపించే మేనమామ కంసుడు. మగవాడికి అంటగట్టిన పేరు అతను చేసే పని చూసి వచ్చింది. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు చూస్తాం. బొద్దుగా ఉంటే తాటకి, నల్లగా ఉంటే శూర్పణఖ. ఆమె ఏం చేసిందన్నది అక్కర్లేదు. మా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక అత్తను అందరూ తాటకి అనేవాళ్ళు. ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా కషాయం కాచి పట్టుకుపోయేది ఆమే. ఆ పేరుతో పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఆ తాటక కథ కూడా మనం సగమే చెప్పుకుంటాం. ఆమె సుకేతుడనే యక్షుడి కూతురు. వాల్మీకి ఆమెను ‘రూపయౌవనశాలినీం’ అన్నాడు. ఆ వికృతమైన ముఖం అగస్త్యుడి శాపంతో వచ్చింది.

శూర్పణఖ విషయంలో వాల్మీకి ఆమె రూపాన్ని తక్కువ చేయలేదని నేను అనను. అరణ్యకాండ పదిహేడో సర్గలో ‘సుముఖం దుర్ముఖీ రామం వృత్తమధ్యం మహోదరీ’ అని మొదలుపెట్టి రాముడి అందం, ఆమె అనాకారం పక్కపక్కన పెడుతూ పోయాడు. చూశారా, దుర్ముఖీ అని ఇక్కడ ‘ఈ’ వచ్చింది. ఇది వర్ణన. అదే సర్గలో తనను తాను చెప్పుకునేటప్పుడు ‘శూర్పణఖా’ అంటుంది. అది పేరు. రెండు సూత్రాలూ పక్కపక్కనే కనిపించే చోటు ఇది, క్లాసులో చెప్పడానికి బాగుంటుంది.

నన్ను ఎప్పుడూ ఆపేది ఆ వరస. దుర్ముఖి అన్న మాట వచ్చేసరికి ఆమె ఇంకా ఏ తప్పూ చేయలేదు. చూసింది, మనసు పడింది, అంతే. సీత మీదికి దూకడం తర్వాతి సర్గలో, అన్నదమ్ములిద్దరూ ఆమెతో పరిహాసమాడిన తర్వాత. వినేవాళ్ళకి ముందు ముఖం చూపించి, తర్వాత నేరం చూపించారు. నేరం తెలిసేసరికి, ‘ఆ ముఖం చూసినప్పుడే అనుకున్నాను’ అనిపిస్తుంది. మీ దగ్గర ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఉంటారు కదా, కంబ రామాయణం తెలిసిన పెద్దల్ని అడగమనండి. అక్కడ ఆమె అందమైన రూపం దాల్చి వస్తుంది. భాగవతంలో పూతన కూడా అంతే. అప్పుడు అందం మాయ అవుతుంది. అనాకారిగా ఉంటే బుద్ధి ముఖంలోనే కనిపిస్తోందంటారు, అందంగా ఉంటే వలలో వేసుకోవడానికి వచ్చిందంటారు. ఎటు తిరిగినా ముఖం మీదే విచారణ.

రాకాసి అనే మాట కూడా అలాగే వాడుతున్నాం. రాక్షసి వికృతి రక్కసి, జనం నోట రాకాసి. ‘రక్షామ’, కాపాడతాం అన్నవాళ్ళు రాక్షసులయ్యారని ఉత్తరకాండ చెబుతుంది. అందులో కోరలూ లేవు, నలుపూ లేదు. ఇప్పుడు మగవాణ్ణి ‘పని రాక్షసుడు’ అంటే మెచ్చుకోలు. అందమైన అమ్మాయిని ‘రాక్షసీ’ అంటే ముద్దు. నల్లపిల్లను అంటే తిట్టు.

నేను ఉండేది తిరుపతిలో. తాతయ్యగుంట గంగమ్మ జాతర చివర, తెల్లవారుజామున గుడి ముందు అమ్మవారి విశ్వరూపం మట్టితో నిలబెడతారు. గుడ్లురుముతున్న కళ్ళు, కోరలు. చెంప నరకగానే ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఒకసారి నా పక్కనే ఒక ముసలామె పిడికెడు మట్టి దొరికించుకుని, కొంచెం తడిచేసి మనవరాలి నుదుట రాసి, మిగతాది కొంగున ముడేసుకుంది. ఆ పిల్ల బెదరలేదు, అమ్మవారి ముఖం వైపే చూస్తూ ఉంది. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి వేషాలు మార్చి వెంటాడి చంపిన తల్లి కాబట్టి ఆ కోరలు మనకి కోరల్లా కనిపించవు. భయంకరమైన ముఖం వెనక ఏం జరిగిందో తెలుసుకుని చూడటం ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా చేతనవును.

ఇక మీ రెండో ప్రశ్న. నాయకుడికి నాయిక కాబట్టి ‘ప్రతినాయిక’ సరైన రూపం. ‘ప్రతినాయకురాలు’ కూడా తప్పు కాదు, పల్నాటి కథలో నాగమ్మను నాయకురాలు అనే అంటున్నాం కదా. ‘లేడీ విలన్’ కంటే రెండూ నయమే. ధనంజయుడు తన సంస్కృత నాటక లక్షణ గ్రంథం దశరూపకంలో ప్రతినాయకుడికి లక్షణం చెబుతూ లోభి, ధీరోద్ధతుడు (గర్వంతో విర్రవీగేవాడు), మొండివాడు, పాపం చేసేవాడు, వ్యసనపరుడు, శత్రువు అన్నాడు. ముఖం ఊసే ఎత్తలేదు. వేషం ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి ఈ లక్షణం సరిపోతుంది. గొంతు ఖంగుమనే పిల్ల, భయం లేకుండా నిలబడగలిగే పిల్ల ఎవరైతే వాళ్ళకివ్వండి.

ఆ ఏడ్చిన అమ్మాయే అలాంటిదైతే, తనకి ఇష్టమైతే, తనే వేయనివ్వండి. మసి పూయొద్దు, కోరలు కట్టొద్దు. రంగస్థలం మీదికి రాగానే వాల్మీకి ఇచ్చిన మాటే చెప్పించండి: ‘అహం శూర్పణఖా నామ’. ‘ణ’కి నాలుక పైకి మడవాలి, ‘ఖ’కి ఊపిరి గట్టిగా వదలాలి. రెండు రోజులు సాధన చేస్తే వస్తుంది.