రేచుకుక్కలు మన కుక్కలకు తాతలు కావు

అన్నా, తలకోన దారిలో రేచుకుక్కల (అడవికుక్కల) గుంపు కనబడిందనీ, వీధికుక్కలు వాటినుంచే వచ్చాయా అని పాప స్కూల్ ప్రాజెక్టు కోసం అడుగుతోందనీ రాశారు. కాదు. రేచుకుక్క జాతే వేరు. దానికి 40 పళ్లు, కుక్కకీ తోడేలుకీ 42.

కుక్కలు పుట్టింది ఇప్పుడు అంతరించిపోయిన ఓ పాత తోడేళ్ల తెగ నుంచి. మనిషి సేద్యం మొదలుపెట్టకముందే, మంచుయుగంలోనే. మనిషిని చూసి పెద్దగా బెదరని తోడేళ్లు ఎముకల కోసం విడిదుల చుట్టూ తచ్చాడుతూ అలవాటు పడ్డాయని ఒక వాదన, కూనల్ని తెచ్చి పెంచారని ఇంకోటి. రెండూ జరిగుంటాయని నా లెక్క.

ప్రాజెక్టులో జర్మనీలోని బాన్-ఒబర్‌కాసెల్ సమాధి తప్పక పెట్టమనండి. సుమారు 14,000 ఏళ్ల నాటిది. ఇద్దరు మనుషులతోపాటు ఒక కుక్కపిల్లను పూడ్చారు. దానికి డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన కుక్కల జబ్బు వచ్చినా వారాల తరబడి బతికిందని పళ్ల మీది గీతలను బట్టి పరిశోధకులు చెప్పారు. వేటకు ఏమాత్రం పనికిరాని జబ్బు కూన అది! ఎవరో కూర్చుని నీళ్లు పట్టి, శుభ్రం చేసి ఉండాలి.

మన వీధికుక్క సంగటి ముద్ద అరిగించుకోవడం మాత్రం తర్వాతి కథ. పిండిపదార్థం అరిగించే జన్యువు తోడేలుకి రెండు కాపీలే, చాలా కుక్కలకు అంతకన్నా ఎక్కువ.