టెక్ సందేహాలు: ఇంట్లో రికార్డు చేసిన పాటకు పేరు, నాణ్యత రెండూ దక్కాలంటే

ప్రశ్న: మా వాడకట్టు ఆడవాళ్లం కలిసి పన్నెండు బతుకమ్మ పాటలు ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేసినం. ఫోన్‌లో పాటల పేర్లు మంచిగనే వస్తున్నయ్. కారు స్టీరియోలో మాత్రం డబ్బాలు, కొన్నింటికి ప్రశ్నార్థకాలు కనబడుతున్నయ్. పైగా ఒక్క ఆల్బమ్ నాలుగు ముక్కలైంది. ఎట్ల సరిచేసుకోవాలె?
– హనుమకొండ

జవాబు: డబ్బాలు వేరు, ప్రశ్నార్థకాలు వేరు. ముందు ఆ తేడా చూసుకోండి, ఎందుకంటే మొదటిదాంట్లో మీ ఫైలు తప్పేమీ లేదు. కంప్యూటర్‌లో ఆ ఫైలుపై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరవండి. అక్కడ తెలుగు సరిగ్గా ఉండి కారులో డబ్బాలు వస్తుంటే, ఆ స్టీరియోలో తెలుగు ఫాంట్ లేదని అర్థం. దానికి మందు లేదు. కారు కోసం పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన ఇంకో కాపీ పెట్టుకోవడమే దారి. డీటెయిల్స్‌లోనే ప్రశ్నార్థకాలు ఉంటే మాత్రం ట్యాగ్ (పాట పేరు, పాడినవారి పేరు లాంటివి ఫైలు లోపల ఉండే చోటు) రాసేటప్పుడే తెలుగు అక్షరాలు పోయాయి. వాటిని వెనక్కి రాబట్టలేం, మళ్లీ టైప్ చేయాల్సిందే.

అలా ఎందుకు పోతాయంటే, ఎంపీ3 లోపల పేరు దాచడానికి ఎక్కువగా వాడేవి ఐడీ3 అనే ట్యాగ్ పద్ధతిలోని మూడు వెర్షన్లు. అన్నింటికన్నా పాతది ఐడీ3 వెర్షన్ 1. ఇది ఫైలు చివరి 128 బైట్లలో ఉంటుంది, అందులో పాట పేరుకు దక్కేది 30 బైట్లు. తెలుగుకు అసలు చోటే లేదు. అన్ని భాషల అక్షరాలకూ చోటిచ్చే యూనికోడ్‌ను రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో బలవంతంగా పెట్టినా ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి, ‘బతుకమ్మ’ అన్న ఒక్క మాటకే 21 ఖర్చు. వెర్షన్ 2.3లో తెలుగును యూటీఎఫ్-16 అనే మరో యూనికోడ్ పద్ధతిలో రాయవచ్చు. 2.4లో యూటీఎఫ్-8 కూడా కుదురుతుంది, కానీ పాత విండోస్‌లు, చాలా కారు స్టీరియోలు 2.4ను చదవలేవు. అందుకే పంచిపెట్టే పాటలకు 2.3, యూటీఎఫ్-16 జోడీయే వాడమంటాను.

దీనికి ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్‌లో వేసుకోండి. లినక్స్ వాడేవాళ్లకు కిడ్3 ఉంది. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో ట్యాగ్స్, దాని కింద ఎంపెగ్ తెరిచి, రైట్ (రాయడం) అన్న వరుసలో ఐడీ3వీ2.3 యూటీఎఫ్-16 ఎంచుకోండి. ఐడీ3వీ1 పక్కనున్న టిక్ తీసేయండి. తర్వాత పన్నెండు పాటలనూ సెలెక్ట్ చేసి, ఎడమవైపు గడుల్లో అన్నింటికీ ఉమ్మడిగా ఉండే ఆల్బమ్ పేరు, సంవత్సరం నింపి కంట్రోల్-ఎస్ కొట్టండి. ట్రాక్ నంబర్లు ఒక్కొక్కటీ కొట్టనక్కర్లేదు, టూల్స్‌లోని ఆటో నంబరింగ్ విజార్డ్ ఆ పని చేస్తుంది.

ఆల్బమ్ ముక్కలు కావడానికి కారణం గాయనుల పేర్లు. ఒక్కో పాటకు ఆర్టిస్ట్ గడిలో వేర్వేరు పేరుంటే చాలా ప్లేయర్లు అవి వేర్వేరు ఆల్బమ్‌లనుకుంటాయి. ఆర్టిస్ట్ గడిని అలాగే ఉంచి, ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడిలో పన్నెండింటికీ అక్షరం తేడా లేకుండా ఒకే పేరు రాయండి. మీ బృందం పేరైతే బాగుంటుంది. ఆల్బమ్ పేరు చివర ఒక ఫైలులో స్పేస్ ఉండి మరోదాంట్లో లేకపోయినా ముక్క అవుతుంది, అదీ చూసుకోండి.

ఇంకో చిక్కు మన దగ్గర తరచూ వస్తుంది. పాటల పుస్తకం డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించి, అక్కడి నుంచి పేర్లు కాపీ చేసి ట్యాగ్‌లో అతికిస్తారు. అను అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేనిచోట అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులుగా కనిపిస్తాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి గానీ ఒత్తులు తారుమారు కావచ్చు. పన్నెండు పేర్లే కాబట్టి ఫోన్‌లో జీబోర్డు కీబోర్డుతో టైప్ చేసి పంపుకోవడం తేలిక.

జానపదాలకు కంపోజర్ గడి ఖాళీగా వదిలేయకండి. రాసినవారు తెలియకపోతే ‘సంప్రదాయం’ అని రాయండి. కామెంట్ గడిలో ఆ పాట ఏ ఊరిది, ఎవరి నోట విని నేర్చుకున్నారు అన్నది పెట్టండి. పాట చేతులు మారిన కొద్దీ ఫైలు పేరు మారిపోతుంది. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే అవతలివారి ఫోన్‌లో తేదీ, నంబరుతో కొత్త పేరు పడుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే పేరు నిలుస్తుంది. ఎట్లా పంపినా లోపలి ట్యాగ్ పాట వెంటే పోతుంది. పాడినవాళ్ల పేరు నిలిచేది అక్కడే.

ప్రశ్న: డప్పు, గజ్జెలతో పాట చేసినం. సాఫ్ట్‌వేర్‌లో వింటే సాఫుగా ఉన్నది. ఎంపీ3 చేస్తే గరగర. బిట్‌రేట్ 320 కేబీపీఎస్ పెట్టినా పోతలేదు.
– నర్సంపేట

జవాబు: మాస్టర్ లెవల్, అంటే పాట మొత్తం మోత, సున్నా డీబీ (డెసిబెల్) అనే పై హద్దును తాకుతోందా చూడండి. ఎంపీ3 ధ్వనిలో కొంత వదిలేసి మిగిలిన దాంతో తరంగాన్ని మళ్లీ కడుతుంది. అలా కట్టినప్పుడు శిఖరాలు అసలు కంటే కొంచెం పైకి పోతాయి, సున్నా దాటినవి తెగి గరగరమంటాయి. మోత హద్దు దాటకుండా పట్టే లిమిటర్‌తో మైనస్ 1 డీబీ దగ్గర ఆపి, అప్పుడు ఎక్స్‌పోర్ట్ చేయండి. డప్పు దెబ్బలాంటి పదునైన మోత ఉన్న పాటలకు మైనస్ 1.5 ఇంకా నయం.

అప్పటికీ పోకపోతే ట్రాక్ మూలం అనుమానించాలి. మ్యూజిక్ ట్రాక్‌ను ఎక్కడో 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3గా దించుకుని, దాని మీద పాడి, మళ్లీ ఎంపీ3 చేస్తే నష్టం రెండుసార్లు జరుగుతుంది. 128 దగ్గర, ఎంపీ3 తయారుచేసే లేమ్ ఎన్‌కోడర్ సుమారు 16–17 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా కోసేస్తుంది, గజ్జెల మెరుపులో కొంత అక్కడే ఉంటుంది. తక్కువ బిట్‌రేట్‌లో డప్పు దెబ్బకు ముందే సన్నని బుసలాంటి చప్పుడూ చేరుతుంది. ఆ తర్వాత 320 కాదు కదా, ధ్వనిలో ఏమీ వదలని వేవ్ ఫైలుగా మార్చినా పోయినది రాదు. వాయించినవాళ్లనే వేవ్ ఫైలు అడగండి.

మాస్టర్‌ను, అంటే పూర్తయిన అసలు ఫైలును, ఎప్పుడూ 24 బిట్ వేవ్‌గానో ఫ్లాక్‌గానో దాచుకుని, ప్రతి ఎంపీ3నీ దాని నుంచే తీయండి. ఐదు నిమిషాల స్టీరియో పాట 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్‌లో 86 ఎంబీ దాకా ఉంటుంది. ఫ్లాక్‌లో అది చాలావరకు తగ్గుతుంది, నాణ్యత వీసమంత కూడా పోదు. ఫ్లాక్ ట్యాగులు ఎప్పుడూ యూటీఎఫ్-8లోనే ఉంటాయి కాబట్టి తెలుగుకు ఇబ్బంది ఉండదు. వేవ్‌లో ట్యాగులు రాయవచ్చు గానీ చాలా ప్లేయర్లు చదవవు. నా ఓటు ఫ్లాక్‌కే.

ప్రశ్న: ఒగ్గుకథ రాత్రంతా రికార్డు చేశాం. ఆడియో వేరుగా రికార్డర్‌లో, వీడియో ఫోన్‌లో. గంట దాటాక పెదవులకు, మాటకు పొంతన లేదు. వేవ్ ఫైలు కూడా మధ్యలో ఆగింది.
– ఐనవోలు

జవాబు: వేవ్ ఆగడం రికార్డర్ లోపం కాకపోవచ్చు. వేవ్ ఫైలులో సైజు రాసే చోటు 32 బిట్లే, కాబట్టి 4 జీబీ దాటలేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో అది 4 గంటల 8 నిమిషాలకు నిండుతుంది. మెమరీ కార్డు ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉన్నా హద్దు అదే. రికార్డర్‌లో ఫైలును ముక్కలుగా విడగొట్టే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి, లేకపోతే కథ మధ్య విరామంలో ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

పొంతన తప్పడానికి కారణాలు రెండు. రికార్డర్ గడియారం, ఫోన్ గడియారం అచ్చంగా ఒక్కటి కావు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 0.18 సెకన్లు జరుగుతుంది, ఐదు నిమిషాల పాటలో ఇది తెలియనే తెలియదు. రెండోది, ఫోన్ వీడియో ఫ్రేమ్‌రేట్ (సెకనుకు తీసే బొమ్మల సంఖ్య) నిలకడగా ఉండదు. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని వీడియోను మార్చండి. తర్వాత కథను ఘట్టాలవారీగా పది, పదిహేను నిమిషాల ముక్కలు చేసి, ప్రతి ముక్క మొదట్లో డోలు దెబ్బ దగ్గర ఆడియోను జతచేయండి. ఆడియో 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉండనివ్వండి. 44.1లో తీసినదాన్ని సాఫ్ట్‌వేర్ పొరపాటున 48 అనుకుని ఆడిస్తే వేగం దాదాపు 9 శాతం పెరుగుతుంది, శ్రుతి ఒకటిన్నర సెమీటోన్ పైకి పోతుంది. గొంతు సన్నగా వినిపిస్తే ముందు అదే చూడండి.

ప్రశ్న: మిక్సింగ్ కోసం ఆడాసిటీ ఫైలు హైదరాబాద్ స్టూడియోకు పంపితే తెరుచుకోలేదన్నారు.
– మంచిర్యాల

జవాబు: మీరు పంపింది ఏయూపీ3 ప్రాజెక్ట్ ఫైలు. అది ఆడాసిటీకే తెలుసు. ఎక్స్‌పోర్ట్ ఆడియోలో మల్టిపుల్ ఫైల్స్ ఎంచుకుని, ట్రాక్‌లవారీగా, 24 బిట్ లేదా 32 బిట్ ఫ్లోట్ వేవ్‌లుగా తీయండి. మొదటి క్లిప్ ముందున్న ఖాళీని కత్తిరించమనే టిక్ తీసేయాలి. లేకపోతే రెండో చరణంలో మొదలయ్యే కోరస్ స్టూడియోలో పల్లవి మీద పడుతుంది. ఎంపీ3లు మాత్రం పంపకండి. ఎంపీ3 మొదట్లో ఎన్‌కోడర్ కొంత నిశ్శబ్దం చేరుస్తుంది, లయ కుదరదు.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లో పాటలకు 01, 02 అని పేర్లు పెట్టినా స్పీకర్ వరుస తప్పి ఆడిస్తోంది.
– జమ్మికుంట

జవాబు: చవక ప్లేయర్లు పేరునూ ట్రాక్ నంబరునూ చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏ వరుసలో ఎక్కిందో ఆ వరుసలోనే ఆడిస్తాయి. పాటలు కంప్యూటర్‌లో దాచుకుని పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి. 32 జీబీ కంటే పెద్దదైతే విండోస్ ఫార్మాట్ బాక్సులో ఫ్యాట్32 సాధారణంగా కనిపించదు, చిన్నది వాడండి. తర్వాత ఒక్కో పాటను వరుసగా, ముందుది పూర్తయ్యాకే తర్వాతిది కాపీ చేయండి. మధ్యలో ఒక పాట తీసేసి కొత్తది పెడితే అది ఖాళీ అయిన చోట్లో దూరవచ్చు. అప్పుడు మళ్లీ ఫార్మాట్ చేసి మొదటి నుంచి ఎక్కించండి.