అద్దె వస్తోంది, మిగలడం లేదు

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. రెండేళ్ల క్రితం హైదరాబాద్ కూకట్‌పల్లిలో రెండు పడక గదుల పాత ఫ్లాటును రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి 58 లక్షల రూపాయలకు కొని, నెలకు 20,000 చొప్పున అద్దెకు ఇచ్చాను. ఒక కుటుంబం ఖాళీ చేసి మరొకటి దిగేలోగా రెండు నెలలు ఇంటికి తాళమే ఉంది. ఈ రెండేళ్లలో రంగులకు 38,000, స్నానాల గది చెమ్మ బాగు చేయించడానికి 46,000, లిఫ్టు మార్చడానికి అసోసియేషన్ వసూలు చేసిన చందా 15,000, కుళాయిలు, గీజరు వంటి చిల్లర పనులకు 11,000 అయ్యాయి. ఆస్తి పన్ను ఏడాదికి 6,000, మెయింటెనెన్స్ నెలకు 2,500. వీటిలో ఏది నేను భరించాలి, ఏది అద్దెకున్నవారు భరించాలి? అసలు ఈ ఫ్లాటు అమ్మేయడం మంచిదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఖర్చులన్నీ రాసి పెట్టుకున్నారు కాబట్టి లెక్క సులువైంది. 22 నెలల అద్దె 4,40,000. అందులో పనులకు 1,10,000, రెండేళ్ల ఆస్తి పన్నుకు 12,000, ఇల్లు ఖాళీగా ఉన్న రెండు నెలల మెయింటెనెన్స్‌కు 5,000 (మిగతా నెలలది అద్దెకున్నవారే కట్టారనుకుంటే) తీసేస్తే 3,13,000 మిగిలింది. అంటే ఏడాదికి 1,56,500; పెట్టుబడి మీద 2.7 శాతం. ఇది బ్యాంకు డిపాజిట్ వడ్డీ కంటే తక్కువే. అయితే లిఫ్టు చందా, స్నానాల గది పని ఏటా వచ్చేవి కావు. ఆ రెండూ లేకపోతే మిగులు ఏడాదికి 1,87,000 అవుతుంది.

పెద్ద ఖర్చు ఎప్పుడు వస్తుందో తెలియకపోయినా, వస్తుందని మాత్రం తెలుసు. అందుకే అద్దె చేతికి అందిన రోజే నెలకు 4,000 వేరే ఖాతాలో వేయమని నేను చెబుతాను. మొదటి నెల నుంచి అలా చేసి ఉంటే, అద్దె వచ్చిన 22 నెలలకు ఇప్పటికి 88,000 పోగయ్యేది. మీకైన 1,10,000లో 22,000 మాత్రమే పింఛను నుంచి తీయవలసి వచ్చేది.

చెమ్మ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మా ఇంటి పై పోర్షన్‌లో స్నానాల గదికి ఆనుకున్న పడకగది గోడ మీద, నేలకు జానెడు ఎత్తున రంగు ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడి రాలడం మొదలైంది. అద్దెకున్నావిడ అప్పుడే చెప్పినా మేము పైపైన రంగు వేయించి ఊరుకున్నాం. మరుసటి వానాకాలానికి గోడ అలమర చెక్క అడుగు నుంచి ఉబ్బిపోయి, తీసి పారేయవలసి వచ్చింది. మొదటే చిన్న పరీక్ష చేసి ఉండవలసింది. నీరు పోయే జాలీని గుడ్డతో బిగించి, నేల మీద అంగుళం ఎత్తు నీరు నిలబెట్టి, గోడ మీద పెన్సిలుతో గీత గీసి, 24 గంటలు గదిని వాడకుండా వదలాలి. నీరు గీత కంటే బాగా దిగి, పక్క గదిలోనో కింది ఫ్లాటు స్లాబులోనో తడి పెరిగితే లోపం టైల్స్ సందుల్లోనో జాలీ చుట్టూనో ఉన్నట్టు. నీరు నిలిచే ఉన్నా గోడ తడుస్తుంటే లోపలి పైపును అనుమానించాలి. సందులకు సిమెంటు పట్టించడంతో పోయే పనికి నేలంతా తవ్వించవలసిన అవసరం ఉండదు.

ఇక ఎవరి ఖర్చు ఎవరిదన్న మాట. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ వర్తిస్తుంది. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మినహా, అద్దెకున్నవారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి. యజమాని చేయించవలసిన మరమ్మతును, తెలియజేసిన తరువాత కూడా తగిన వ్యవధిలో చేయించకపోతే, వారే చేయించుకుని ఆ మొత్తాన్ని అద్దెలో కోసుకోవచ్చు. దీన్నిబట్టి చెమ్మ ఖర్చు మీదే. లిఫ్టు చందా భవనం విలువను నిలిపేది కాబట్టి అదీ మీదే. నెలవారీ మెయింటెనెన్స్, బల్బులు, కుళాయి వాషర్ల వంటివి వారివని ఒప్పందంలో రాయించండి. తాళాలు ఇచ్చే రోజున గది గదికీ ఫోటోలు తీసి, ఫ్యాన్లు, గీజర్ల జాబితా మీద ఇద్దరూ సంతకాలు చేస్తే, అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడు వాదన ఉండదు.

అద్దె పెంచే ముందు కూడా లెక్క వేయండి. 5 శాతం పెంచితే ఏడాదికి 12,000 వస్తుంది. ఆ మాట మీద మంచి కుటుంబం ఖాళీ చేస్తే ఒక్క నెల ఖాళీకి 20,000, రంగులకు మళ్లీ 38,000 పోతాయి. ఇంటిని సొంత ఇంటిలా చూసుకునేవారు దొరికినప్పుడు, ఆ ఏడాదికి పెంపు మానుకోవడమే నయమని నా అభిప్రాయం.

పన్నుల విషయంలో ఒక వెసులుబాటు ఉంది. వచ్చిన అద్దెలోంచి మీరు ఆ ఏడాది కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతాన్ని, మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా, ఆదాయ పన్ను లెక్కలో మినహాయిస్తారు. అంతకు మించి ఖర్చయినా అదనపు మినహాయింపు రాదు. ఆస్తి పన్నును ఏప్రిల్‌లోనే కట్టేస్తే నగరపాలక సంస్థ ఇచ్చే 5 శాతం రాయితీ కింద మీకు 300 మిగులుతుంది.

అమ్మకం గురించి ఇప్పుడే తొందరపడకండి. భారీ పనులు రెండూ అయిపోయాయి. వాటి ప్రయోజనం అందుకోవలసిన వేళ ఇది. మరో రెండేళ్లు ఇలాగే ఖాతా రాయండి. పెద్ద పనులేవీ లేకుండా కూడా ఏడాదికి 1,87,000 మిగలకపోతే, ఆ కాగితాలతో మళ్లీ మాకు రాయండి.