ఫ్రీ లంచ్ శాతం చూసి ఇల్లు మానుకోవాలా?

డాలస్ దగ్గర ఇల్లు నచ్చింది, కానీ స్కూల్లో సగం మందికి ఫ్రీ లంచ్ అని ఉంది, పేదపిల్లలు ఎక్కువా, మానుకోమంటారా అని అడిగారు. ఆ అంకె చూసి మాత్రం మానుకోకండి. అది పేదరికం లెక్క కాదు, కాగితాల లెక్క. అందులో ఉండాల్సిన ఏడాది మేం లేం మరి.

2023 జులై ఆఖర్లో మావారి ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ ఉద్యోగ వీసా కదా, ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి 60 రోజుల గడువు. నాది ఆయన మీద ఆధారపడ్డ హెచ్‌4 వీసా, నాకు పని చేసే వీల్లేదు. ఆగస్టులో పాప బ్యాగులో ఫ్రీ లంచ్ ఫారం వచ్చింది. ఆ ఏడాది నలుగురున్న ఇంటికి రాబడి 39,000 డాలర్లు దాటకపోతే ఉచితం, 55,500 లోపైతే 40 సెంట్లు. (డాలస్‌కైనా న్యూజెర్సీకైనా అదే గీత! అద్దెలు ఒకటేనా?) వీసా సంగతి ఎక్కడా అడగలేదు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే లేదని టిక్ పెట్టే గడి కూడా ఉంది. అన్నీ నింపి సంతకం పెట్టాను. "రేపు గ్రీన్‌కార్డుకి అడ్డొస్తే?" అన్నారు మావారు. అంతే, ఆ కాగితం ఫ్రిజ్ మీద తిరుపతి మాగ్నెట్ కింద ఉండిపోయింది. ఒకరోజు పాప లైన్లో తన నంబరు కొడితే ఖాతాలో డబ్బుల్లేవని ట్రే తీసేసుకుని చీజ్ శాండ్‌విచ్ చేతిలో పెట్టారట. మర్నాటి నుంచి పెరుగన్నం డబ్బా. 53వ రోజున ఉద్యోగం దొరికింది. స్కూలు లెక్కలో మాత్రం మేం ఏడాదంతా డబ్బున్నవాళ్ళమే.

ఇంకోవైపు, అసలు ఫారాలే అడగని స్కూళ్ళున్నాయి. ఫుడ్ స్టాంపుల్లాంటి (తిండికి సర్కారిచ్చే సాయం) జాబితాల్లో 40 శాతం పిల్లలు తేలితే బడి మొత్తానికీ ఉచితంగా పెట్టొచ్చని ఉండేది. 2023లో దాన్ని 25కి దించారు. అక్కడ డాక్టరు కొడుకూ ఉచితంగానే తింటాడు. కొన్నిచోట్ల అలాంటి బడి పేరు పక్కన ఏకంగా నూటికి నూరు అని పడుతుంది. మనవాళ్ళు వాట్సాప్‌లో దాన్ని పట్టుకుని "లో ఇన్‌కమ్ స్కూలండీ" అని మూతి విరుస్తారు. వీళ్ళలో సగం మంది చిన్నప్పుడు మన ఊరి బళ్ళో మధ్యాహ్నం బెల్లు కొట్టగానే కంచం పట్టుకుని పరిగెత్తినవాళ్ళే. అక్కడ ఏ ఫారమూ నింపలేదు.

స్కూలుకి ఓసారి వెళ్ళి టీచర్లతో మాట్లాడి రండి. ఇంటికైతే పునాది చూపించుకోండి. ఇక్కడి బంకమట్టి ఎండకి కుంచించుకుపోయి గోడలు బీటలిస్తాయి. మాకు రిపేరుకైన ఖర్చుతో పాప పన్నెండో క్లాసు దాకా లంచ్ కొనుక్కునేది.